తరాజులో తేలిన అత్త

మొన్న గార్లలో మా బడిలో, మధ్యాహ్నం చాయ్ తాగే వేళ, కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచరమ్మ సంచిలోంచి ఒక ఆకుపచ్చ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "హార్మోన్లన్నీ లైన్ల పడుతయి మేడం. థైరాయిడ్ ఉన్నోళ్లకైతే ఇంకా మంచిది. అంత మూలికలే, సైడ్ ఎఫెక్టులేం ఉండయి. ఆకే కదా" అంది. ఆ చివరి మాట వినగానే నాకు నవ్వు ఎక్కడినుంచి తన్నుకొచ్చిందో ఏమో, నోట్లో ఉన్న చాయ్ కాస్తా ఎదురుగా దిద్దడానికి పెట్టుకున్న తొమ్మిదో తరగతి జవాబు పత్రాల మీద పడింది. పాపం, ఆవిడ మొహం మాడిపోయింది. నేను నవ్వింది ఆవిడను చూసి కాదు. పోయిన ఎండాకాలంలో కాలం చేసిన మా మేనత్త గుర్తొచ్చింది. "ఆకేనాయె, మేకలు తింటలేవా?" అని నా చెవిలో అన్నట్టే వినిపించింది.

మా అత్తది జనగామ దగ్గర బచ్చన్నపేట. మా నాయినకు అక్క. నేను పుట్టిన నాటినుంచి నన్ను 'కోడలా' అనే పిలిచేది. ఆమెకు ఒక్కతే బిడ్డ, భూపాలపల్లిలో ఇచ్చారు, అల్లుడు బొగ్గుబాయిలో పని చేస్తాడు. కొడుకు లేడు. "కొడుకే లేనప్పుడు నేను కోడలినెట్లయితనత్తా?" అని అడిగితే, "కొడుకుతోని ఏం పనే? కోడలుంటే సాలు, ఇల్లు నడుస్తది" అనేది. దీనికి ఎదురు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

ఏ విషయమైనా సరే, తీర్పు చెప్పేముందు కొంగుతో మొహం ఇటొకసారి అటొకసారి తుడుచుకునేది. అది అయ్యిందంటే ఇక వాదన లేదు. ఎదుటివాళ్లు చెప్పేది నచ్చకపోతే మాత్రం మొహం తుడుచుకునేది కాదు, "అన్నం తిన్నవా?" అని అడిగేది. మా నాయిన ఒకసారి పత్తి చేనికి ఏ మందు కొట్టాలో గంటసేపు వివరించి చెప్పాడు. అత్త అంతా విని, "అన్నం తిన్నవారా తమ్మీ?" అంది. నాయిన తువ్వాల దులుపుకుని లేచిపోయాడు.

ఇక మందుల సంగతి. ఎవరి మందైనా ఆమె రుచి చూడాల్సిందే. మా అమ్మ మోకాళ్ల గోళీలు, పక్కింటి ముసలాయన దగ్గు మందు, మా తమ్ముడి బలం టానిక్, అన్నీ ఆమె నాలుక మీదుగా పోయినవే. "జర నాకొకటియ్యి, సూద్దాం" అని చెయ్యి చాపేది. ఇవ్వకపోతే అలిగేది. నేనుండే మహబూబాబాద్‌నుంచి వెళ్లినప్పుడల్లా బ్యాగులో గోళీలు అడుగున దాచుకునేదాన్ని, అయినా వాసన పట్టేది మహాతల్లి.

బిడ్డ పెళ్లయిన తర్వాత ఆమెకు థైరాయిడ్ వచ్చింది, గొంతు దగ్గరి గ్రంథి మందగించే రకం. ఒళ్లు పెరిగింది, గొంతు బొంగురుపోయింది, ఎండాకాలంలో కూడా చద్దరు కప్పుకునేది. అన్నిటికంటే మించింది నిద్ర. పెళ్లిళ్లలో చేతిలో సగం కొరికిన లడ్డూతో నిద్రపోయేది. జనగామలో బస్సెక్కి బచ్చన్నపేటలో దిగాల్సిన మనిషి చేర్యాలలో లేచేది. కండక్టర్లందరికీ ఆమె తెలుసు, పాపం వాళ్లే తిరుగు బస్సెక్కించి పంపేవారు. ఊళ్లో ఆడవాళ్లు వెనకాల 'మొద్దక్క' అనేవాళ్లు. ఆమెకు వినపడేది. వినపడనట్టు కళ్లు మూసుకునేది.

జనగామ డాక్టరమ్మ గోళీ రాసింది. పొద్దున్నే పరగడుపున, ఒట్టి నీళ్లతో వేసుకోవాలి, ఆ తర్వాత కాసేపటిదాకా చాయ్ కూడా తాగకూడదు. మా అత్తనా! "సాయ్ లేకుంట గోళీ ఎట్ల దిగుతదే? గొంతుల్నే ఆగుతది" అని రోజూ చాయ్ గ్లాసులోనే ముంచి మింగేది. దాంతో గోళీ సగమే పని చేసింది. రక్తం పరీక్షలో మార్పు కనిపించక, డాక్టరమ్మ గోళీ మోతాదు పెంచింది. చాయ్ సంగతి ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు. అత్త పెరిగిన గోళీని కూడా చాయ్‌లోనే ముంచింది.

అప్పుడు వచ్చింది పొడి.

భూపాలపల్లిలో మా వదిన, అంటే అత్త బిడ్డ, ఉండే కాలనీలో ఒకావిడ ఈ డబ్బాలు అమ్మేది. తన కింద నలుగురిని చేర్చి, ఆ నలుగురి కింద ఇంకో నలుగురిని చేర్చే వ్యాపారం. ఆవిడను అందరూ లీడరమ్మ అనేవాళ్లు. బిడ్డను చూడటానికి పోయిన అత్తను లీడరమ్మ కుర్చీలో కూర్చోబెట్టి, 'ఆడవాళ్ల హార్మోన్లు' అని పెద్ద ఉపన్యాసం ఇచ్చిందట. అత్త విన్నంతసేపు విని, కొంగుతో మొహం ఇటూ అటూ తుడుచుకుందట. ఇంకేముంది, అయిపోయింది!

అసలు తమాషా ఏంటంటే, లీడరమ్మ పెట్టిన మొదటి షరతు చాయ్ మానెయ్యడం. చాయ్ తాగితే పొడి పని చెయ్యదట. డాక్టరమ్మ చెబితే వినని మనిషి లీడరమ్మ మాటకు చాయ్ మానేసింది! పొద్దున్నే గోళీ ఒట్టి నీళ్లతో, కాసేపాగి పొడి వేడి నీళ్లతో. అంటే అన్నేళ్లు సగం సగం పని చేసిన గోళీ, అదీ మోతాదు పెంచిన గోళీ, ఒక్కసారిగా పూర్తిగా ఒంటికి పట్టడం మొదలుపెట్టింది. దాని మీద పొడి.

అబ్బబ్బ, ఆ తర్వాత మా అత్తను చూడాలి! సంక్రాంతి చలిలో ఫ్యాను పూర్తిగా తిప్పి దాని కింద కూర్చునేది. ఇంటికి సున్నం తానే వేసింది. ఇల్లయిపోయిందని ప్రహరీకి వేసింది, ప్రహరీ అయిపోయిందని పక్కింటి ప్రహరీకి కూడా వేసింది. వాళ్లు నీలం రంగు వేయించుకుని నెల కూడా కాలేదు. తెల్లారకముందే నాకు ఫోను. "ఏందే కోడలా, ఇంక పండుకున్నవా? నేను వాకిలూడ్చిన, అలికిన, ముగ్గేసిన, రొట్టెలు జేసిన, ఇంక ఏం జెయ్యాల్నో సమజైతలేదు, నువ్వన్న జెప్పు!" చేయడానికి పని లేక ఒకరోజు రైలెక్కి మహబూబాబాద్ వచ్చేసింది. స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కకుండా మా ఇంటిదాకా నడిచింది. చేతిలో రెండు సంచుల జొన్నపిండి. నేను తలుపు తీసేసరికి మాట్లాడుతూనే ఉంది, నాతో కాదు, వెంట నడిచొచ్చిన ఎవరో ముక్కుమొహం తెలియని ఆవిడతో. ఆ ఆవిడ కూడా మా ఇంట్లో అన్నం తిని వెళ్లింది.

ఆ రోజు అత్త నాకు చాయ్ పోసింది. గ్లాసు నా చేతికి వచ్చేసరికి సగం సాసర్‌లో ఉంది. "చేతులు వణుకుతున్నయేందత్తా?" అన్నాను.

"వణుకుడు గాదే, సంబురం. ఇన్నేండ్లు పండుకున్నయి కదా, ఇప్పుడు ఎగురుతున్నయి."

"గుండె?"

"అదా? డప్పు కొడ్తది. దానిగ్గూడ సంబురమే."

"డాక్టరమ్మకు చూపించుకుందామత్తా."

"అన్నం తిన్నవా?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. కానీ ఆ నవ్వు చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. ఎన్నేళ్లయింది అత్త అట్లా నవ్వి! పైగా ఆ పొడిని ఊరందరికీ చెంచాలతో పంచుతోంది. మొద్దక్క అన్నవాళ్లే ఇప్పుడు వాకిట్లో వరసకట్టి, "అక్కా, జర నాగ్గూడ" అని గిన్నెలు చాపుతున్నారు. అత్త గద్దె మీద కూర్చున్న దొరసానిలా వడ్డిస్తోంది. ఎవరైనా అనుమానంగా చూస్తే సమాధానం తయారుగా ఉండేది. "ఆకేనాయె, మేకలు తింటలేవా? మేకకు థైరాయిడ్ వచ్చుడు సూసిన్రా?"

ఇంతలో మేడారం జాతర వచ్చింది. సమ్మక్క సారలమ్మలకు మొక్కినవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లం ఇస్తారు, ఆ బెల్లాన్ని బంగారం అంటారు. అత్తది ప్రతి జాతరకూ మొక్కే. తూకం ఇంట్లోనే, బంధువులంతా చూస్తుండగా జరిగేది. పత్తి తూచే పెద్ద తరాజును మామ దూలానికి కట్టేవాడు. ఒక పళ్లెంలో అత్త, రెండో పళ్లెంలో బెల్లం దిమ్మెలు. కిందటి జాతరలో తెచ్చిన బెల్లమంతా వేసినా చాలక, పక్కింటివాళ్ల దగ్గర ఒక దిమ్మె బదులు తెచ్చారు. అత్త అప్పుడు తల దించుకుని కూర్చుంది, చూస్తున్నవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

ఈసారి మామ ముందుజాగ్రత్తగా అంత బెల్లమూ, ఇంకొంచెమూ కలిపి తెచ్చాడు. మా మామ సంగతి చెప్పనే లేదు కదూ. మాట్లాడని మనిషి. మామ నోరు తెరిస్తే ఊళ్లో వాన పడుతుందని మా నాయిన వెక్కిరించేవాడు. బెల్లం దిమ్మెలన్నీ ముందే ఒక పళ్లెంలో పేర్చి, అత్తను రెండో పళ్లెంలో కూర్చోమని కంటితో సైగ చేశాడు.

అత్త కూర్చుంది. మామ చెయ్యి వదిలాడు. బెల్లం ధడేల్మని కిందికి, అత్త పైకి! కాళ్లు గాలిలో ఆడుతున్నాయి, చీర కుచ్చిళ్లు ఊగుతున్నాయి, ఆమె తాళ్లు పట్టుకుని చిన్నపిల్లలా కేరింతలు. "సూసిన్రా! సూసిన్రా! తల్లి నన్ను తేలగొట్టింది!" వాకిలంతా నవ్వులు, చప్పట్లు. మామ ఒక దిమ్మె తీశాడు, అత్త కదల్లేదు. ఇంకో దిమ్మె తీశాడు, కొంచెం దిగింది. ఇంకోటి తీస్తే గాని సమానం కాలేదు. "నా బంగారం మిగిలింది, పిల్లలకు పెట్టున్రి!" అని అత్త పైనుంచే హుకుం జారీ చేసింది.

అందరూ కింద రాలిన బెల్లం ముక్కల మీద పడ్డారు. మామ మాత్రం తీసిన దిమ్మెలను చూస్తూ నిలబడిపోయాడు. తరాజు తప్పు చూపిస్తోందేమోనని ముల్లు చూశాడు, తాళ్లు విప్పి మళ్లీ కట్టాడు. అది చాలదన్నట్టు నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లి పళ్లెంలో కూర్చోబెట్టాడు. నా బరువు నాకు తెలుసు. తరాజు ఉన్నదున్నట్టే చూపించింది, దాని అమ్మ కడుపు మాడ, కొంచెం తగ్గించి చూపిస్తే దాని సొమ్మేం పోయేది? "మీ మాబాదు నీళ్లు మస్తుగ పట్టినయే కోడలా!" అని అత్త అరిచింది, అందరూ మళ్లీ నవ్వారు. మామ నవ్వలేదు. మూడు దిమ్మెలనూ ఒక పక్కన పేర్చి, "దవాఖానకు పోదాం" అన్నాడు.

ఆయన నోట అంత మాట రావడంతో ఎవరికీ ఎదురు చెప్పాలని తోచలేదు. అత్తకు కూడా.

జనగామలో డాక్టరమ్మ అత్త చెయ్యి పట్టుకుని నాడి చూసింది, చూస్తూనే ఉంది, తన మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. గుండె పరీక్ష చేయించింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అంది.

"లేదు బిడ్డా. నువ్విచ్చిన గోళీ ఒక్కటే."

అత్త అబద్ధం ఆడలేదు. ఆమె లెక్కలో పొడి మందు కాదు, ఆకు. నేను వచ్చేటప్పుడు బ్యాగులో వేసుకొచ్చిన డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాని మీది చిన్న అక్షరాలన్నీ చదివింది. "ఇందులో అశ్వగంధ ఉంది, సముద్రపు నాచు ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. ఏది ఎంతుందో మాత్రం రాయలేదు. అశ్వగంధతో కొందరిలో థైరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది. నాచులోని అయోడిన్ అటైనా లాగుతుంది, ఇటైనా లాగుతుంది" అంది.

"ఆకేనాయె బిడ్డా, మేకలు..."

"ఉమ్మెత్త కూడా ఆకేనమ్మా. తింటావా?"

అత్త నా వైపు చూసింది. నేను చాయ్ సంగతి కూడా చెప్పేశాను. డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "అయితే గోళీ ఎక్కువై ఇట్లా అయిందో, పొడి వల్ల అయిందో, రెండూ కలిసి చేశాయో ఇప్పుడే చెప్పలేను. గోళీ తగ్గిస్తాను, కానీ నీ అంతట నువ్వు ఆపొద్దు. పొడి మాత్రం ఈ రోజే ఆపాలి. గుండె ఇట్లాగే ఉరికితే ఒకరోజు లయ తప్పుతుంది. అప్పుడు పక్షవాతం కూడా రావచ్చు" అంది. ఆగి, "జుట్టు కోసం గోళీలేమైనా? అవి వేసుకుంటే రక్తపరీక్ష కూడా తప్పు చూపిస్తుంది" అని అడిగింది.

అత్త మెల్లగా నా బ్యాగు వైపు చూసింది. "గీ పిల్లయి రెండు ఏసుకున్న. ఎట్లుంటయో సూద్దామని."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఆ పరీక్ష రెండ్రోజులాగి చేయించుకోమంది. "అన్నం తిన్నవా బిడ్డా?" అని అత్త ఆమెను కూడా అడిగి బయటికి నడిచింది.

అత్త ఇంటికొచ్చి, వాకిట్లో మంచం మీద డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దు గుంకుతోంది. మామ గడప మీద, నేను ఆమె కాళ్ల దగ్గర.

"ఇయ్యత్తా, నేను తీస్కపోతా" అన్నాను.

"నేనియ్య."

"గుండె ఆగితే?"

"ఆగనియ్యి." ఆమె డబ్బాను రెండు చేతులా అదుముకుంది. "నీకేం తెలుసే? నా బిడ్డ సీమంతంల గూడ నేను నిద్రవోయిన. గాజులు తొడుగుతుంటె లేపిన్రు. మందిల కూసుంటె నేను మూటలెక్కుంటి, జరగమని గూడ ఎవ్వలు అనకపోదురు. గిప్పుడు ఊరంత నా వాకిట్లుంది. నేను మాట్లాడితె ఇంటున్నరు, నవ్వితె నవ్వుతున్నరు. గిది రోగమంటె నాకు గీ రోగమే గావాలె. మళ్ల ఆ మంచంల వడి మొద్దులెక్క పండుకుంట బతుకుడు నాతోని గాదు."

నేను ఏడ్చేశాను. నవ్వుతూ ఎగిరిన మనిషి గుండెలో ఇంత ఉందని నాకేం తెలుసు? బతిమాలాను, డాక్టరమ్మ మాటలు మళ్లీ చెప్పాను, గోళీ సరిగ్గా వేసుకుంటే నిద్రమత్తు అదే తగ్గుతుందని నమ్మబలికాను. ఆమె డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకుంది. చేతుల వణుకుకు మూత టకటకమని కొట్టుకుంటోంది.

మామ గడప మీదినుంచి లేచాడు. వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. తన అరచేతులు చూసుకున్నాడు.

"నువ్వు పండుకున్నా నా ఇల్లు నిండుగనే ఉండె" అన్నాడు.

అత్త నోరు తెరుచుకుని చూసింది. ఆమె కొంగు తీసి మొహం ఇటొకసారి తుడుచుకుంది, అటొకసారి తుడుచుకుంది.

"ఏమన్నవ్?"

మామ నేల చూపులు చూశాడు.

"గిన్నేండ్ల సంసారంల గిప్పుడా నోరు తెరిశేది? నాకు సరిగ వినవడలే. మళ్ల జెప్పు."

మామ చెవులు ఎర్రబడ్డాయి. దగ్గాడు. తువ్వాల సర్దుకున్నాడు.

"జెప్పకుంటె గీ డబ్బ మొత్తం ఇప్పుడే మింగుత, సూడు!"

చెప్పాడు. చచ్చినట్టు చెప్పాడు. అత్త డబ్బాను ఆయన ఒళ్లో పడేసి, ఏడుస్తూ నవ్వుతూ, నా వీపు మీద దబదబ బాదింది. "ఇన్నవా కోడలా? ఇన్నవా? సాక్ష్యం నువ్వే!"

పొడి పెంటకుప్పలోకి పోయింది. ఊళ్లో చెంచాలతో పొడి పంచిన ఇళ్లకు అత్తే పోయి, తినొద్దని చెప్పి, తిట్లు తిని వచ్చింది. గోళీ తగ్గింది, రోజూ ఒట్టి నీళ్లతోనే పడింది, చాయ్ ఆలస్యంగా తిరిగొచ్చింది. గుండె నెమ్మదించింది, ఒళ్లు కొంచెం వచ్చింది, మధ్యాహ్నాలు కునుకు కూడా వచ్చింది. కానీ చేర్యాల దాకా పోలేదు మళ్లీ. మనసు బాగాలేని పూట మాత్రం, "ఓ ముసలోడా, ఇయ్యాల జర మొద్దుగున్నది, జెప్పు" అని కేకేసేది. మామ అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక చెప్పేవాడు. మేము తలుపు వెనకాల నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లం. అడిగించుకోకుండా మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం అత్తను వాకిట్లో పండబెట్టారు. మధ్యాహ్నం కునుకులోనే పోయింది, ఎవరికీ కష్టం ఇవ్వలేదు. ఊరంతా వచ్చింది. ఆ మందిలోంచి మామ నడిచొచ్చి, ఆమె తల దగ్గర కింద కూర్చుని, ఎవరున్నారో చూసుకోకుండా, ఎవరూ అడక్కుండా, అందరికీ వినపడేలా ఆ మాట చెప్పాడు.